తడి ఆరేదాకా

పిచ్చుకను ఇంట్లో ఎవరూ అసలు పేరుతో పిలవరు. పెళ్ళయి అత్తవారింట్లో కాలు పెట్టిన రోజున ఆడపడుచు ఆమెను ఎగాదిగా చూసి, "ఏంట్రా తమ్ముడూ, పెళ్ళాన్ని తెస్తావనుకుంటే పిచ్చుకను తెచ్చావు" అంది. అందరూ నవ్వారు. పేరు అతుక్కుపోయింది. తల సగం తెల్లబడ్డా ఇప్పటికీ ఆమె పిచ్చుకే.

ఆ ఆడపడుచే రెండు సూట్‌కేసులూ ఒక గుడ్డసంచీ పట్టుకుని తమ్ముడింటికి వచ్చి చేరింది. ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "బడినిండా పిల్లలుంటే మళ్ళీ ఇంట్లో కూడానా?" అనేది. అందరికీ ఆవిడ టీచరమ్మ, పిచ్చుకకు వదిన. ఇప్పుడు వదినకు చూపు పోతోంది. పూర్తిగా కాదు. చూపు నడిమధ్యలో ఒక మచ్చ పడి, అది మెల్లగా పెరుగుతోంది. ఎదురుగా నిలబడ్డ మనిషి చెవులు కనబడతాయి, ముఖం కనబడదు. మందుల్లేవా అంటే, ఉన్నదాన్ని నిలబెట్టే మందులే తప్ప పోయినదాన్ని తెచ్చేవి లేవన్నారు డాక్టర్లు. ఒంటరిగా రోడ్డు దాటలేని పరిస్థితి వచ్చాక తమ్ముడు వెళ్ళి తీసుకొచ్చాడు.

పిచ్చుకకు ఆవిడ రావడం ఇష్టమా కాదా అని ఎవరూ అడగలేదు. అడిగినా ఆలోచించుకునే తీరిక ఆమెకు లేదు.

ఆమె పనిచేసేది హోటళ్ళ దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే లాండ్రీలో. పెద్ద రేకుల షెడ్డు. ఒక పక్క ఉతికే మిషన్లు, ఇంకో పక్క ఆవిరి రోలరు. రోలరులోంచి కాలిపోతూ బయటికొచ్చే దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని, లాగి, దులిపి, మడతపెట్టి దొంతరలో వెయ్యాలి. ఒకటి వేసేలోగా ఇంకోటి వస్తూనే ఉంటుంది. పిచ్చుకకు జోడీగా అవతలి కొస పట్టుకునే ఆవిడ బాగా పొడగరి. షెడ్డులో అందరూ పొడుగావిడ అనేవాళ్ళు. ఈమె పొట్టి, ఆమె పొడుగు కావడంతో ఇద్దరి మధ్యా దుప్పటి జారుడుబల్లలా వాలి ఉండేది. "నీ చెమటంతా నావైపే కారుతోందే తల్లీ" అనేది పిచ్చుక. "ఉచితంగానే ఇస్తున్నాగా, పట్టుకో" అనేది పొడుగావిడ.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పిచ్చుక మణికట్లు చేతులకు కట్టిన బరువుల్లా ఉండేవి. చెప్పులు విప్పితే పాదాలు చెప్పులకంటే పెద్దవిగా కనిపించేవి. కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్న వదిన అలికిడి విని, "వచ్చావా? టీ పెడతావా?" అనేది. ఆ మాటలో అధికారమేమీ లేదు. పొద్దుటినుంచి ఎవరితోనూ మాట్లాడని మనిషి మొదటి మాటగా అనే మాట అది. అయినా పిచ్చుకకు ఆ ప్రశ్న వినగానే ఒళ్ళు ఇంకా బరువెక్కేది.

ఇలా కొన్నాళ్ళు గడిచాక ఒక సాయంత్రం వదిన గుడ్డసంచీ విప్పి, అందులోంచి రంగులపెట్టె, బ్రష్‌ల కట్ట, మందపాటి కాగితాల పుస్తకం బయటికి తీసింది.

"పిచ్చుకా, ఇలా రా. ఈ రంగులు ఎండిపోయాయేమో చూడు."

"బాగానే ఉన్నాయి వదినా. కొంచెం పగుళ్ళిచ్చాయి, అంతే."

"పగిలినా పర్లేదు, నీళ్ళు తగిలితే లేస్తాయి. కూర్చో. రోజుకో వస్తువు వేద్దువుగానీ. ఇంట్లో ఏముంటే అది. నేను చెప్తా, నువ్వు వెయ్యి."

"నేనా? నేను గీత గీస్తే అది నాలుగు దిక్కులకీ పోతుంది."

"అందుకే నేర్చుకోమంటున్నా."

"మరి వంట?"

"వంటయ్యాకే."

పిచ్చుక మొగుడి వైపు చూసింది. ఆయన నీళ్ళ మోటార్లు బాగుచేసే షాపులో మెకానిక్కు. చేతికంటిన గ్రీజును సబ్బుతో వదిలించుకుంటూ, తలెత్తకుండానే, "అక్కకీ కాస్త పొద్దుపోవాలిగా" అన్నాడు. కాదనడానికైనా కొంచెం ఓపిక మిగిలుండాలి. పిచ్చుక దగ్గర అది లేదు. కూర్చుంది.

మొదటి రోజు టీ కప్పు. అంచు కొద్దిగా పెచ్చు లేచిన తెల్ల కప్పు.

"పెన్సిల్ నొక్కకు, తేలిగ్గా పట్టుకో. గీత కనబడీ కనబడనట్టుంటే చాలు" అంది వదిన. "అయిందా? ఇప్పుడు చెప్పు, కప్పుది ఏం రంగు?"

"తెలుపు."

"పెట్టెలో తెలుపుందేమో చూడు."

పిచ్చుక వెతికింది. "లేదు వదినా."

"ఉండదు. నేను ఉంచను. మనకి కాగితమే తెలుపు. కప్పు మీద వెలుగు బాగా పడుతున్న చోట బ్రష్ పెట్టకు, వదిలెయ్. మిగతాది తెలుపు కాదు, సరిగ్గా చూడు."

పొద్దంతా తెల్ల దుప్పట్లు చూసి చూసి వచ్చిన మనిషి ఆమె. "నాకంతా తెల్లగానే ఉంది" అంది మొండిగా.

"కప్పు అడుగు దగ్గర?"

పిచ్చుక కళ్ళు చికిలించింది. "అక్కడ... కాస్త బూడిదరంగు."

"నల్లరంగు జోలికి పోకు. నీలం కొంచెం, ఇటుకరంగు కొంచెం కలుపు. నీళ్ళు ఎక్కువ."

నీళ్ళు ఎక్కువే అయ్యాయి. రంగు గీత దాటి, బల్ల మీదికి కూడా ప్రయాణం కట్టింది. "ఎలా వచ్చింది?" అని వదిన అడిగితే, "మురుగు కాలవలో పడ్డ కప్పులా ఉంది" అంది పిచ్చుక. వదిన పకపకా నవ్వింది. ఆ ఇంటికి వచ్చాక ఆవిడ అలా నవ్వడం అదే మొదలు. కాగితం అందుకుని, కంటి కొసనుంచి కనబడుతుందేమోనని తల అటూ ఇటూ తిప్పి చూసి, "నిన్ను పిచ్చుకన్నందుకు నాకిదే శాస్తి. ఇప్పుడు నేనే పిచ్చుకలా తల వాల్చి చూస్తున్నా" అంది. కానీ ఎలా తిప్పినా కాగితం మీద ఏదో మసక తప్ప ఏమీ దొరకలేదు. పుస్తకం తిరిగిచ్చేసి, "నువ్వే చెప్పు. ఎక్కడేముందో అంతా చెప్పు" అంది.

అలా మొదలైంది. కప్పు తర్వాత ఉల్లిపాయ, ఉల్లిపాయ తర్వాత కుళాయి, చెప్పుల జత, బకెట్టు. వదిన చెప్పే పాఠాలు కొన్నే. ముందు లేత రంగు, తర్వాతే చిక్కటిది. నీడకు కూడా రంగుంటుంది. కాగితం తడిగా ఉన్నప్పుడు పెట్టిన రంగు తనిష్టం వచ్చినట్టు పాకుతుంది, పాకాలనుకుంటేనే పెట్టు, వద్దనుకుంటే తడి ఆరేదాకా చేతులు కట్టుకుని కూర్చో. "అన్నిటికంటే కష్టమైంది ఇదే. మా బడిలో పిల్లలకి ఆగడం ఒక్కటీ చేతనయ్యేది కాదు" అంది వదిన.

పిచ్చుకకు ఆ చదువంతట్లో నచ్చింది ఆగడమొక్కటే. పొద్దుటినుంచి ఆమెను ఆగమన్నవాళ్ళే లేరు. తడి ఆరే వంకతో గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకునేది. ఒకరోజు అలాగే నిద్రపట్టేసింది. చేతిలో బ్రష్ నుంచి నీటిబొట్లు కాగితం మీద పడ్డాయి. మెలకువ వచ్చి చూస్తే బకెట్టు పక్కన ఏదో వింత ఆకారం పుట్టి ఉంది.

"చెడిపోయింది వదినా."

"ఎలా చెడింది? అంచు ఎలా ఉంది?"

"దుప్పటి మీద టీ ఒలికిందనుకోండి. తుడవకుండా వదిలేస్తే, ఎండాక మరక చుట్టూ ముదురు గట్టు కడుతుంది చూడండి, అలా. లోపల వెలిసిపోయింది."

"ఆహా, కనబడింది!" అంది వదిన. "సగం ఆరాక నీటిచుక్క పడితే అలాగే అవుతుంది. మా పిల్లలు దాన్ని కాలీఫ్లవర్ అనేవాళ్ళు. ఉండనీ, బకెట్టు పక్కన కాలీఫ్లవర్ ఉంటే తప్పేముంది?"

పిచ్చుకకు బొమ్మలు రావడం లేదని తెలుసు. అయినా వదిన ముఖం వెలగడం చూసి, సరేలే అనుకునేది.

ఇంతలో లాండ్రీలో పొడుగావిడ నడుము పట్టేసింది. తడిసిన దుప్పట్ల మూట ఎత్తబోయి అలాగే వంగి ఉండిపోతే నలుగురు పట్టుకుని ఆటోలో ఎక్కించారు. ఆమె బదులు యజమాని ఎవర్నీ పెట్టలేదు. "వస్తుందిగా, అప్పటిదాకా సర్దుకోండి" అన్నాడు. సర్దుకోవడమంటే, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు వచ్చి అవతలి కొస పట్టుకోవడం. చేతి ఒడుపు కలవనివాళ్ళతో దుప్పటి మడవడం ఒంటరిగా మడవడం కంటే అధ్వాన్నం. ఒకరు ముందే లాగుతారు, ఇంకొకరు వదిలేస్తారు. నేలకు తగిలితే మళ్ళీ ఉతుకుడే. అదీగాక హోటళ్ళు నిండే రోజులు. గుట్టలు తరగడంలేదు. పిచ్చుక వేళ్ళు సాయంత్రానికి ముడుచుకోవడం మానేశాయి.

అలాంటి ఒక సాయంత్రం కెటిల్ వంతు వచ్చింది. పొయ్యి గట్టు మీదున్న కెటిల్‌కి ఎదురుగా కూర్చుని పిచ్చుక పుస్తకం తెరిచింది. పెన్సిల్ పట్టుకోబోతే జారిపోయింది. మళ్ళీ తీసింది. మళ్ళీ జారింది. వదిన కిటికీ దగ్గర చెవి ఒగ్గి కూర్చుని ఉంది. పిచ్చుక పెన్సిల్ వదిలేసి, బ్రష్‌ను గ్లాసులోని నీళ్ళలో గలగల తిప్పింది. అంచుకు టకటక కొట్టింది. కాసేపాగి మళ్ళీ తిప్పింది.

"ఎలా వస్తోంది?" అంది వదిన.

"బానే వస్తోంది" అంది పిచ్చుక, కెటిల్ వైపే చూస్తూ. "మూత మీద మెరుపు వదిలేశా. అడుగంతా మాడింది కదా, అక్కడ నీలం, ఇటుకరంగు చిక్కగా కలిపా. పిడి నీడ గట్టు మీద తిన్నగా పడి, గోడ దగ్గరికి వెళ్ళేసరికి విరిగి పైకి లేచింది."

"గోడ మీద లేతగా ఉందా, గట్టు మీదా?"

"గోడ మీదే లేత. అంచు మెత్తగా ఉంది."

వదిన కళ్ళు మూసుకుంది. తర్వాత, "నీకు చెయ్యి తిరిగింది పిచ్చుకా" అంది.

మర్నాడు తాళంకప్ప. అదీ అంతే. తర్వాత చీపురు, బల్బు, సబ్బుపెట్టె. నీళ్ళు గలగల, గ్లాసు టకటక, నోటితో బొమ్మ. చెప్పాలి కాబట్టి వస్తువును చూసేది, చూసింది చూసినట్టు చెప్పేది. కాగితం మాత్రం ముట్టుకునేది కాదు. వేళ్ళకు కాస్త తెరిపి దొరికింది. వదిన మెచ్చుకున్నప్పుడల్లా లోపల ఎక్కడో ముల్లు కదిలేది గానీ, దాన్ని తీసి చూసుకునే ఓపిక కూడా లేదు.

ఒకనాడు పని నుంచి వచ్చేసరికి పుస్తకం వదిన ఒళ్ళో ఉంది. ఆవిడ అరచేత్తో ఒక్కో పేజీనీ నిమురుతోంది.

"టీ పెట్టనా వదినా?"

"అక్కర్లేదు. ఇలా కూర్చో." వదిన గొంతు పెంచలేదు. "ఈ పేజీ అలలు అలలుగా ఉంది. ఇది కప్పు. ఇది ఉల్లిపాయ అనుకుంటా. ఇది నీ కాలీఫ్లవర్ బకెట్టు. ఇక్కణ్ణుంచి నున్నగా ఉంది. ఇదీ నున్నగానే. ఇదీనూ. ఒకసారి తడిసిన కాగితం ఎంత ఆరినా మళ్ళీ చదునుగా పడుకోదు. నా బతుకంతా కాగితాలు దిద్దడమేగా, ఆమాత్రం తెలీదా? కెటిల్ ఏది?"

"వెయ్యలేదు."

"తాళంకప్ప?"

"అదీ లేదు."

వదిన పుస్తకం మూసింది. "పొద్దంతా ఆ కెటిల్‌నే తలుచుకుంటూ కూర్చునేదాన్ని. గోడ మీద విరిగిన నీడని. నాకిక కొత్తగా కనబడేదేదీ లేదు. నువ్వు చెప్పిందే."

క్షమించమని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ అలసట ముందుగా నోటికొచ్చింది. "మీరు పొద్దంతా కూర్చునుంటారు, నేను పొద్దంతా నిలబడుంటాను. వచ్చి వండాలి, గిన్నెలు తోమాలి, ఆపైన కప్పులో ఎన్ని తెలుపులున్నాయో లెక్కచెప్పాలి! నావి చేతులా, చెక్కలా? ఒక్కసారి చూడండి వదినా నా చేతులెలా ఉన్నాయో!"

ఆ మాట బయటికొచ్చాకగానీ అదేమి మాటో ఆమెకు తెలియలేదు. వదిన బ్రష్‌లు తడుముకుంటూ ఒక్కొక్కటీ ఏరి, కట్టకట్టి, సంచీలో పెట్టేసింది.

ఆ తర్వాత ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఇద్దరి మధ్యా తమ్ముడు పోస్ట్‌మాన్ అయ్యాడు. "అక్కకు ఉప్పు కావాలట." "టేబుల్ మీదే ఉందని చెప్పండి." ఆయన ఎదురుగా ఉన్న ఉప్పును ఇటునుంచి అటు జరిపి, "నేనిప్పుడు ఏ పక్క?" అనుకుంటూ తినేవాడు. పిచ్చుకకు కావలసిన విశ్రాంతి దొరికింది. వంటయ్యాక పడుకోవచ్చు. పడుకుంది కూడా. అయితే ఒక చిక్కొచ్చిపడింది. లాండ్రీలో దుప్పట్ల గుట్ట చూస్తే మడతల సందుల్లో నీలం కనబడసాగింది. కిటికీ వైపు మడతలు పసుపు ఛాయతో వెచ్చగా, గోడ వైపువి చల్లగా ఉన్నాయి. ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. అవతలి కొస పట్టుకున్న మనిషికి చెప్పబోతే, "నీకు జ్వరమేమైనా వచ్చిందా?" అంది.

వారం తిరక్కుండానే ఒక సాయంత్రం తలుపు తీసేసరికి ఉల్లిపాయల ఘాటు కొట్టింది. వంటింట్లో వదిన నిలబడి ఉంది. గట్టునిండా, నేలనిండా ఉల్లిపొట్టు. పళ్ళెంలో ముక్కలు ఒకటి గోరంత, ఒకటి గుప్పెడంత. పక్కన బియ్యం కడిగిన గిన్నె. ఎడమ చూపుడువేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది.

"వదినా! కత్తి పట్టుకున్నారా?"

"మీ ఆయన కత్తి ముట్టుకోవద్దన్నాడు. అందుకే వాడు వెళ్ళాక ముట్టుకున్నా." వదిన కళ్ళల్లోంచి ఉల్లినీళ్ళు కారుతున్నాయి. "కొంచెం తెగింది, ప్రాణానికేం కాదు. ఇటివ్వు నీ చేతులు."

పిచ్చుక అలాగే నిలబడింది.

"చూడమన్నావుగా. ఇటివ్వు."

వదిన ఆ మణికట్లను పట్టుకుని, వేళ్ళ కణుపులు ఒక్కొక్కటీ తడిమింది. వాచి, వెచ్చగా ఉన్నాయి. ఒకచోట నొక్కితే పిచ్చుక చెయ్యి లాక్కోబోయింది. వదిన వదల్లేదు.

"ఇంత వాచిందా? చెప్పొచ్చుగా."

"ఎవరికి చెప్పను?"

"అదీ నిజమే" అంది వదిన. "నన్ను చుట్టంలా కుర్చీలో కూర్చోబెట్టారు, చుట్టంలాగే కూర్చున్నా. ఏదైనా చెయ్యనా అని అడగబుద్ధి కాలేదు. చేతకాదంటారేమోనని."

"నేను అబద్ధం చెప్పకుండా ఉండాల్సింది వదినా."

"చెప్పకుండా ఉండాల్సిందే. నాకు కోపం పోలేదు, పోయేదాకా ఉంటుంది." వదిన ముక్కు ఎగబీల్చింది. "కానీ కూర్చుని ఆలోచించాను. గోడ దగ్గర నీడ విరిగిందన్నావు. అది ఊహించి చెప్పేది కాదు, చూస్తేగానీ తెలీదు. వెయ్యలేదు సరే, చూశావు. మా బడిలో చాలామంది వేసేవాళ్ళు, చూసేవాళ్ళు కాదు."

పిచ్చుకకు ఏడుపొచ్చింది. ఉల్లిపాయల మీదికి నెట్టేయడానికి వీలుగా ఉంది కాబట్టి కాసేపు హాయిగా ఏడ్చింది. తర్వాత పొయ్యి ముట్టించి, కూరలో గోరంత ముక్కలూ గుప్పెడంత ముక్కలూ అన్నీ వేసేసింది. భోజనాల దగ్గర తమ్ముడు పెద్ద ముక్క ఒకటి ఎత్తి చూసి, ఇద్దరి ముఖాలూ చూసి, మాట్లాడకుండా తినేశాడు.

ఒప్పందం కుదరడానికి పెద్ద మాటలేమీ అవసరం కాలేదు. పని రోజుల్లో బ్రష్ ముట్టుకోనక్కర్లేదు, దారిలోనో షెడ్డులోనో కనబడ్డది ఒకటి చెబితే చాలు. బొమ్మ సెలవురోజునే. కూరలు తరగడం, బియ్యం కడగడం వదిన పని. టీ కూడా ఆవిడే పెట్టడం మొదలుపెట్టింది. చక్కెర ఎక్కువైన రోజులే ఎక్కువ. పిచ్చుక వచ్చి కూర్చుని ఆ పాకాన్ని తాగుతూ చెప్పేది. బస్టాపులో తడిగొడుగు, దాని కింద నేల మీద ఎర్రటి ఛాయ. రోలరులోంచి లేచే ఆవిరి వెనక మనుషులు నడుము దాకా చెరిగిపోయి కనబడటం. వదిన మధ్యమధ్య ఆపి, "ఎరుపంటే ఏ ఎరుపు? ఇటుకా, దానిమ్మా?" అని అడిగేది. చెప్పలేకపోతే పిచ్చుక మర్నాడు మళ్ళీ చూసొచ్చేది.

పొడుగావిడ నడుముకు బెల్టు కట్టుకుని తిరిగొచ్చింది గానీ, బరువులు ఎత్తొద్దన్నారు కాబట్టి తువ్వాళ్ళ వైపు వెళ్ళిపోయింది. పిచ్చుకకు కొత్త జోడీ వచ్చింది. మణికట్లకు డాక్టరు పట్టీలిచ్చాడు. కట్టుకుంటే పని సాగదు, విప్పితే నొప్పి ఆగదు. వదిన కళ్ళు మళ్ళీ పరీక్ష చేసి, మచ్చ పెద్దదైందన్నారు. ఆసుపత్రి నుంచి వచ్చే దారిలో వదిన, "ఇప్పుడు వాడి చెవులు కూడా పోయాయి" అంది తమ్ముణ్ణి గురించి. "పోతే పోనీలే, ఎలాగూ వాటితో వినేవాడు కాదు" అంది పిచ్చుక. ముందు నడుస్తున్న ఆయన వెనక్కి తిరిగి, "ఏంటి?" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నవ్వాక వదిన పిచ్చుక చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

తర్వాత వచ్చిన సెలవురోజున పిచ్చుక వంకాయ వేసింది. బుట్టలోంచి నిగనిగలాడేదాన్ని ఏరి టేబుల్ మీద పెట్టుకుంది. మొదటిది బురదైంది. రెండోదానికి తొడిమ ఎక్కువైంది. మూడోదానికి తొందరపడలేదు. చెయ్యి నొప్పి పుట్టినప్పుడల్లా ఆపి, పట్టీ సర్దుకుని, మళ్ళీ మొదలుపెట్టింది. మధ్యాహ్నం దాటిపోయింది.

మొగుడు వచ్చి, భుజం మీదినుంచి వంగి చూశాడు. "వంకాయేగా?"

"కాక మరేంటి?"

"ఏం లేదు. వంకాయలా ఉంది" అని వెళ్ళిపోయాడు.

"వాడి నోటివెంట అంతకంటే రాదు" అంది వదిన. "సరే, ఎలా వచ్చిందో చెప్పు."

"ఒక పక్క బాగుంది వదినా. ఊదా నీలంలోకి దిగినచోట నేనే నమ్మలేకపోతున్నా. రెండో పక్క చెడింది. అంచు మరీ గట్టిగా వచ్చింది, కత్తిరించి అతికించినట్టు."

"అంచు దగ్గరికి వచ్చేసరికి తడి అయిపోయుంటుంది. ఇంకోటి వేస్తావా?"

"ఈ వారానికి నావల్ల కాదు."

"అయితే దాన్నిటివ్వు, కూరలోకి తరిగేస్తా" అని వదిన చెయ్యి చాపింది. పిచ్చుక వంకాయను ఆ చేతిలో పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది.